తడి కొలత

మా గురువుగారు వీరదాసుకు ఒక అలవాటుంది. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. తోవలో ఏది కనబడితే అదే జవాబు. మోకాళ్ళ నొప్పులున్న శిష్యులు అందుకే చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంటారు.

ఆ భాద్రపదం ఉదయం ఉమాపతి పెద్ద ప్రశ్నే అడిగాడు. ఉమాపతి పోస్టుమాస్టరు. మా అందరికంటే ముందు ఉపదేశం పొందినవాడు, ఆ సంగతి మమ్మల్ని మరిచిపోనిచ్చేవాడు కాదు. కొత్తగా చేరినవాళ్ళ తప్పులు దిద్దే పని కూడా ఆయనదే. "గురువుగారూ, తెల్లవారుజామున లేవడం, మౌనం, ఉపవాసం, ఇవన్నీ నేర్చుకునేవాడికి కావాలి, కాదనను. విద్య ఒంటబట్టాక కూడా నియమం ఎందుకండీ?" అన్నాడు. జవాబు ఆయన దగ్గర ముందే సిద్ధంగా ఉందని అడిగిన తీరులోనే మాకు తెలిసిపోయింది.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. "ఇవాళ పెద్దచెరువు తెరుస్తున్నారు. పదండి," అన్నారు. మా ప్రాణాలు లేచొచ్చాయి. ప్రశ్న ఉమాపతిదే గానీ, చెరువు తెరవడం చూడాలని మాకు వారం రోజులుగా మనసు పీకుతోంది.

వానలు మొదలయ్యాక రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ పెద్దచెరువులో ఎవరూ వల దించరు. తెరిచాక కూడా విసురు వల వేయొచ్చు, గాలం వేయొచ్చు, అంతే. నీళ్ళలో మందు కలిపినా, కరెంటు పెట్టినా, తోటా పేల్చినా, దోమతెర గుడ్డతో దేవినా ఆ మనిషిని బెస్త సంఘం బయటికి పంపేస్తుంది. వల కన్ను నాలుగు వేళ్ళకు తగ్గకూడదు, పిల్లచేప అందులోంచి దాటిపోవాలి. తగ్గిన వలలో ఏది పడినా తిరిగి చెరువులోకే పోవాలి. తెరిచిన రోజున మొదటి డప్పుకూ రెండో డప్పుకూ మధ్య అందరికంటే పెద్ద చేపను పట్టినవాళ్ళు గంగమ్మ తెప్ప ఎక్కి, చెరువు నడుమ దీపం వదులుతారు. ఏడాదంతా వాళ్ళను తెప్ప మనిషి అని పిలుస్తారు. ఇంకేమీ ముట్టదు. అందుకేనేమో, దానికోసం చొక్కాలు చింపుకుంటారు.

మేం వెళ్ళేసరికి గట్టంతా జాతరలా ఉంది. నీటి అంచున వలలు కొలిచే కొంరయ్య నిలబడి ఒక్కొక్కరి వలనూ చెరువులో ముంచి తీసి, నాలుగు వేళ్ళ వెడల్పున్న చింతచెక్కను దాని కళ్ళలో పెట్టి చూస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ చెరువు మీద ఆయనలా వల విసిరేవాడు లేడని అందరూ ఒప్పుకుంటారు. అయినా ఒక్క ఏడూ తెప్ప ఎక్కలేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు అరచెయ్యి పొడవు ఎక్కువ చేపతో ఎగరేసుకుపోయేవారు. ఇప్పుడాయన కుడి భుజం పైకి లేవనని మొండికేస్తోంది. ఇదే ఆఖరి ఏడని ఊరందరికీ చెప్పేశాడు. దానికోసం ఐదు నెలలు కూర్చుని, తన తండ్రి అల్లినట్టే నూలు దారంతో కొత్త వల అల్లాడు. నైలాన్ వల నీళ్ళ మీద చప్పుడు చేస్తుందట, నూలు వల మెత్తగా దిగుతుందట.

శంకర్ అనేవాడి వలలో చెక్క దిగలేదు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా మొహం చిన్నబుచ్చుకున్నాడు. "వెంట్రుక మందమే గద కాకా," అన్నాడు.

"చేపపిల్లకు గదే తలుపురా. పక్కకు వెట్టు," అన్నాడు కొంరయ్య.

"అయినా తడుపుడెందుకు కాకా? నైలాన్ తడిసినా గంతే, ఎండినా గంతే."

"మా అయ్య తడిపి కొలిచిండు, నేను తడిపి కొలుస్త. పద్ధతి."

వలలన్నీ అయ్యాయి. కొలిచేవాడి వలను ఎవరు కొలుస్తారు? తన అరుగు మీద కూర్చుని వరస వరసకూ చెక్క పెట్టి చూసుకున్నానని ఆయనే అందరికీ చెప్పాడు. కొంరయ్య అబద్ధమాడడు. చెక్కను మొలలో దోపుకుని, కొత్త వలను భుజానికెత్తుకుని మొలలోతు నీళ్ళలోకి దిగాడు.

డప్పు మోగింది. నలభై వలలు ఒక్కసారి గాలిలోకి లేచాయి. రెండు నెలలు మనిషి అలికిడి లేని చెరువు కుతకుత ఉడికినట్టయింది. రవ్వ చేపలు ఎగిరిపడుతున్నాయి, గట్టు మీద ఆడవాళ్ళు తమవాళ్ళ పేర్లు పెట్టి కేకలేస్తున్నారు, ఎవరిదో తలపాగా తేలుతూ పోతోంది. కొంరయ్య మాత్రం కదలలేదు. ఎడమ భుజంతో కుడి చేతిని మోస్తున్నట్టు ఒకవైపుకు ఒరిగి, తూము పక్క నీళ్ళనే చూస్తున్నాడు. అక్కడ పట్వారీ తిరుగుతాడు. పట్వారీ అంటే తోక చివర కత్తిరింపు ఉన్న ముసలి బొచ్చె చేప. వెనకటి ఊరి లెక్కల పట్వారీలాగే తొమ్మిదేళ్ళుగా అందరికీ కనబడుతూ ఎవరి చేతికీ చిక్కలేదు కనక ఊరివాళ్ళు ఆ పేరు పెట్టారు.

నీళ్ళు ఒక్కచోట ఉబ్బాయి. కొంరయ్య విసిరాడు. ఆ భుజం నుంచి అలాంటి విసురు ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. వల గుండ్రంగా విచ్చుకుని చప్పుడు లేకుండా దిగింది. తాడు బిగిసింది, ముసలాయనను రెండడుగులు ముందుకు ఈడ్చుకుపోయింది. ఇద్దరు వెళ్ళి నడుం పట్టుకున్నారు. మూడో గుంజుకు కత్తిరింపు తోక పైకొచ్చి నీటిని చరిచింది.

"పట్వారీ పడ్డడు," అని ఎవరో అరిచారు. ఇక గట్టు గట్టులా లేదు. నేను నా కండువా ఎటు విసిరేశానో తర్వాత వెతికినా దొరకలేదు. గురువుగారు మునివేళ్ళ మీద లేచి చూస్తున్నారు. ఉమాపతి, మౌనం పాటించే రోజున దగ్గినవాడిని కూడా మందలించే ఉమాపతి, ఇస్త్రీ పంచెతో మోకాళ్ళ దాకా నీళ్ళలోకి పరిగెత్తి, "వదలకండి, వదలకండి," అని కేకలేస్తున్నాడు.

వల ఒడ్డు దగ్గరికి వచ్చింది. కొంరయ్య నవ్వుతూ చేపను తడుముతున్నవాడల్లా ఆగిపోయాడు. వల అంచున ఒక కంట్లో జానెడు రవ్వపిల్ల మొప్పల దగ్గర ఇరుక్కుని కొట్టుకుంటోంది. అది దాటిపోవలసిన చేప. ఆయన దాన్ని మెల్లగా విడిపించి నీళ్ళలో వదిలాడు. మొలలోంచి చెక్క తీసి ఆ కంట్లో పెట్టాడు, పక్క కంట్లో పెట్టాడు. తర్వాత దాన్ని శంకర్‌కు అందించాడు.

"నువ్వు పెట్టి చూడు. నా చెయ్యి నా దిక్కే మాట్లాడుతది."

శంకర్ ముందు మామూలుగా పెట్టాడు. తర్వాత పళ్ళు బిగించి నొక్కాడు. మూడు కళ్ళు మార్చాడు. చెక్క దిగలేదు. "కాకా, పట్వారీకి గీ లెక్కెందుకు? నాలుగు వేళ్ళు గాదు, జానెడు కన్నున్నా పడేటోడే. ఎవ్వలడుగుతరు నిన్ను?" అన్నాడు. పొద్దున తన వలను పక్కన పెట్టించిన మనిషి కోసమే అతను వాదిస్తున్నాడు. ఊరంతా అదే మాట అంది. నేనూ అన్నాను, దాచడమెందుకు.

"పొద్దుగాల నీ వలను పక్కకు వెట్టినప్పుడు, దాంట్ల ఏ చేప వడుతదని అడిగిన్నారా?" అన్నాడు కొంరయ్య. తర్వాత వలను చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. "నూలు తడిస్తె గుంజుకుంటది. గది మా అయ్యకు ఎరుక, అందుకే తడిపి కొలిచిండు. ముప్పయ్యేండ్ల సంది నైలాన్‌ను తడుపుకుంట తడుపుకుంట, ఎందుకు తడుపుతున్ననో నేనే మరిసిన."

వంగి వల అంచు ఎత్తాడు. పట్వారీ వెంటనే పోలేదు. కొంరయ్య రెండు చేతులూ దాని కిందపెట్టి, నీళ్ళలోనే కాసేపు ఎత్తుకున్నాడు. ఆయన మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. అప్పుడా చేప ఆయన మొహం మీద తోకతో ఒక్కటిచ్చి లోతుల్లోకి దూసుకుపోయింది. కొంరయ్య కళ్ళు తుడుచుకుని, చెంప తడుముకుని, పగలబడి నవ్వాడు. "కొట్టిండు సూసిండ్రా? తొమ్మిదేండ్ల సంది ఎవ్వలినన్నా తాకిండా వాడు?" అని గట్టు మీది వాళ్ళందరినీ పేరుపేరునా అడిగాడు.

రెండో డప్పుకు ముందు శంకర్ గాలానికి మూరెడు కొర్రమీను పడింది, ఆ రోజుకు అదే పెద్దది. అతను కొంరయ్య చెయ్యి పట్టుకుని తెప్ప దాకా లాక్కెళ్ళాడు. "నేనెక్కితె నూకేటోడెవడు? నువ్వెక్కు," అని కొంరయ్య తన మంచి భుజాన్ని తెప్పకు ఆనించి నీళ్ళలోకి తోశాడు. దీపం పట్టుకుని కూర్చున్న శంకర్ మొలలో చింతచెక్క ఉంది. దాన్ని తిరిగి ఇమ్మని కొంరయ్య అడగలేదు.

తిరుగు తోవలో మేమంతా ఒకేసారి మాట్లాడుకుంటూ వచ్చాం, తడి పంచెతో నడుస్తున్న ఉమాపతి తప్ప. ఆశ్రమం గుమ్మం దగ్గర గురువుగారు చెప్పులు విడుస్తూ ఆగారు.

"అందరి వలలూ తడిపి కొలిచాడు. తన వల ఒక్కటే అరుగు మీద పొడిగా కొలుచుకున్నాడు," అన్నారు.

"అవునండీ, పాపం," అన్నాడు ఉమాపతి.

గురువుగారు ఆయన పంచె అంచు నుంచి కారుతున్న నీళ్ళను కాసేపు చూశారు. "మరి నీ వల ఎప్పుడు తడిపి కొలుద్దాం?" అని లోపలికి వెళ్ళిపోయారు.