మూత తీయని డబ్బా

ఇంతవరకు నోరు తెరిచి ఎవరితోనూ అననిది ఒకటుంది. ఈరన్న భార్య తెచ్చిన డబ్బా మూత నేను తీయలేదు. తీసి చూసినట్టు రాశాను.

ఈరన్న మగ్గం నేసే మనిషి. ఎంత తిన్నా ఒంటికి పట్టక ఏడాదిలో పదకొండు కిలోలు తగ్గాడు. తిన్నది అరిగించే రసం క్లోమగ్రంథిలో సరిగా ఊరుతోందో లేదో మలంలో తెలుస్తుందని డాక్టరు మా ఆదోని ల్యాబుకి చీటీ రాశారు. కిటికీ దగ్గర డబ్బా తీసుకుని, మూత తీసి, ఎలా ఉందో రాసి లోపలికి పంపడం నా పని. ఆ రోజు కంపుకి విసిగి ఉన్నాను. "మామూలుగా ఉంది" అని రాసి పంపేశాను. లోపల మిషనులో రసం లెక్క బాగానే వచ్చింది. క్లోమానికి ఏ జబ్బూ లేదని, మందు అక్కర్లేదని డాక్టరు ఈరన్నని ఇంటికి పంపేశారు. మూడు నెలలయింది.

నేను ఈ పని ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. చూసి, పుస్తకాలు తిరగేసి, ఎస్తేరమ్మ మేడం వెనక తిరిగి నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్న ఆవిడకి ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు లేదు. ఒకరోజు అడిగాను, "మిషను లెక్క చెబుతుంది కదా మేడం, మళ్లీ మనం కళ్లతో చూడ్డం ఎందుకు?" నేను అడగాలనుకున్నది అది కాదని నాకు తెలుసు. ఆవిడ తర్వాతి డబ్బా అందుకున్నారు.

రెండు రోజుల తర్వాత కిటికీ దగ్గరికి పిలిచారు. కొంగు తలమీద కప్పుకున్న ఒకావిడ నిలబడి ఉంది. మొగుడు బయట మెట్ల మీద కూర్చున్నాడు, చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉన్నాడు. మేడం డబ్బా మూత తీసి నాకు చూపించి, డాక్టరు చీటీ పక్కన పెట్టారు. చీటీలో జిడ్డు విరేచనాలని ఉంది. డబ్బాలో ఉన్నది శుభ్రంగా, గట్టిగా ఉంది.

"ఇది ఎవరిది తల్లీ?"

ఆవిడ కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. తర్వాత నేలకేసి చూస్తూ అంది, "మా చిన్నోడిదమ్మా. ఆయప్పది ఎన్ని నీళ్లు పోసినా పోదు, పైన నూనె తేలతాది. ఆ కంపు తెచ్చి మీ ముందర పెట్టేదానికి నాకు మొగం చెల్లలే."

"ముప్పై ఏళ్లుగా నేనిక్కడ మల్లెపూలు వాసన చూస్తున్నాననుకున్నావా?" అన్నారు మేడం. ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. మేడం కిటికీలోంచి చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. కొత్త డబ్బా ఇచ్చి చెప్పారు, "రేపు ఆయనదే తీసుకురా. నువ్వు సిగ్గుపడేదే నాకు కావాలి."

ఆవిడ వెళ్లాక అడిగాను. "మేడం, మూత తీయకుండా లోపలికి పోయిన డబ్బా ఏదైనా ఉంటే?"

ఎవరిదని మేడం అడగలేదు. చేతులు కడుక్కుంటూ అన్నారు, "రిజిస్టర్లో పేరు పక్కన ఫోను నంబరు ఎందుకు రాయించుకుంటామే అమ్మాయ్?"

ఇది జరిగి నాలుగు రోజులైంది. ఆ పేజీ రెండుసార్లు తీసి, రెండుసార్లూ మూసేశాను. ఆ డబ్బాలో ఉన్నది ఈరన్నదే కావచ్చు. కాకపోవచ్చు. అది ఇచ్చేటప్పుడు వాళ్లావిడ కూడా తలెత్తి నన్ను చూడలేదన్నది మాత్రం గుర్తుంది. ఇప్పుడు ఫోను చేస్తే ఆమె ఏం చెబుతుందో అని భయంగా ఉంది. ఆయన ఇంకా ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. ఉంటే, తిన్న ప్రతి ముద్దా వృథా పోతూ ఇంకో రోజు గడుస్తుంది.

నంబరు ముందు పెట్టుకున్నాను. చేస్తాను.