దీవెనమ్మ అడగాలనుకున్న మాట

2016 ఎండాకాలంలో, గుంటూరు మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకు నాంచారమ్మ అనే మేస్త్రీ ఉండేది. ఎవరిని ఏమడిగినా జవాబు తానే చెప్పేసేది.

కూలి రేటు దగ్గర ఆ గుణం అందరికీ మేలే చేసింది. షావుకారు ముందు అందరూ నోళ్లు విప్పితే బేరం చెడుతుందని ఆమె ఒక్కతే మాట్లాడేది. మిగతావాళ్లు వెనక నిలబడేవాళ్లు.

ఆ ఏడు వాళ్ల గోదాముకు సరుకు తగ్గింది. పని ముందే ఆగిపోతుందని కబురు వచ్చింది. ఆడవాళ్లకు దిక్కు తోచలేదు. అప్పుడే ఒక పరిశోధన కేంద్రం మనిషి వచ్చాడు. బిడ్డ పుట్టడానికి ఆధారమైన అండాలు వాళ్లకు కావాలట. వాటిమీద పరీక్షలు చేసి జబ్బులకు మందులు కనిపెడతారట. కొన్నాళ్లు సూదులు వేసి, తర్వాత మత్తిచ్చి అండాలు తీస్తారు. ఇచ్చే డబ్బు సీజను కూలికంటే ఎక్కువ; కొంత ముందు, మిగతాది అంతా అయ్యాక.

ముఠాలో దీవెనమ్మకు ఒక్క కూతురు. ఇంకో బిడ్డ కావాలని ఆమెకూ మొగుడికీ ఆశ. వానలు పడేలోపు ఇంటి రేకులు మార్చాలనీ ఉంది. ఆమె, ముఠాలో మరికొందరు సరేనన్నారు. నాంచారమ్మే వాళ్లను కేంద్రానికి తీసుకెళ్లింది.

కేంద్రంలో డాక్టరమ్మ ఒప్పుకోలు కాగితం గబగబా చదివి, "అర్థమైందా అమ్మా? ఏమైనా అడగాలా?" అంది.

"అది కాదండీ, తర్వాత నాకు..." అంది దీవెనమ్మ.

"అర్థమైందండీ," అంది నాంచారమ్మ. "మా ముఠావాళ్లకు నేను చెప్పుకుంటా. మీరు కానియ్యండి."

బయటికి వచ్చాక దీవెనమ్మ, "ఏందక్కా, అడగనియ్యవు? తర్వాత నాకు ఇంకో బిడ్డ పుడుతుందా అని అడగబోయా," అంది.

"నువ్వు ఆరాలు తీస్తే పక్క ముఠావాళ్లను పిలుచుకుంటారు. అప్పుడు నీ రేకులు ఎవరు మారుస్తారే, మీ అత్తా?"

ఇద్దరూ నవ్వారు. దీవెనమ్మ నవ్వు ముందుగా ఆగింది.

అందరి తరఫునా ఫోన్ నంబరు కూడా నాంచారమ్మదే ఇచ్చారు. పని కబురు ఎప్పుడూ ఆ నంబరుకే వస్తుంది కనుక ఎవరికీ వింతగా తోచలేదు.

అండాలు తీసిన మర్నాడే దీవెనమ్మ గోదాముకు వచ్చింది. కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. పొట్ట బిగుసుకుపోతుంటే చీర వదులు చేసుకుంది.

"మిరప ఘాటుకు అలాగే ఉంటుంది. మజ్జిగ తాగు," అంది నాంచారమ్మ.

అంతలో కేంద్రం నుంచి నర్సు ఫోన్ చేసింది. "దీవెనమ్మకు ఎలా ఉంది? పొట్ట ఉబ్బడం, వాంతులు, ఆయాసం ఏమైనా ఉన్నాయా?"

"ఏం లేవమ్మా. నిక్షేపంలా ఉంది."

"ఒకసారి ఆమెకు ఇస్తారా?"

"పనిలో ఉంది. నేను చెబుతున్నాగా."

నర్సు సరేనని పెట్టేసింది. దీవెనమ్మ అప్పుడు గోదాము వెనక వాంతి చేసుకుంటోంది. అది నాంచారమ్మకు తెలుసు. జబ్బని తెలిస్తే మిగతా డబ్బు ఆపేస్తారని ఆమె భయం.

ఆ మర్నాడు ఊపిరాడక దీవెనమ్మ పడిపోయింది. మొగుడు ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అండాశయం వాచి మెలిపడిందని, ముందురోజే తెచ్చి ఉంటే మెలి విప్పేవాళ్లమని అక్కడి సర్జన్ అన్నాడు. ఇప్పుడు కోసి తీసెయ్యక తప్పలేదు.

కబురు విని డాక్టరమ్మ వచ్చింది. "బాగుందని ఫోన్‌లో చెప్పారు కదమ్మా," అంది.

"ఎవరు చెప్పారండీ?" అంది దీవెనమ్మ మంచం మీంచి. "నన్నెవరూ అడగలేదు."

డాక్టరమ్మ చేతిలోని కాగితంలో ఫోన్ నంబరు ఎవరిదో చూసుకుంది. నాంచారమ్మ తలుపు అవతల అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆమెకు లోపలికి అడుగు పడలేదు.

కూలి మాట అందరి తరఫునా ఒకరు ఆడవచ్చు. ఒంటి మాట మాత్రం ఎవరిది వారే ఆడాలి, డబ్బిచ్చేవాళ్లు దాన్ని ఆ మనిషి నోటినుంచే విన్నాక సూది పట్టుకోవాలి. దీవెనమ్మకు ఇంకో బిడ్డ పుట్టలేదు.