పదమూడో ఏడు లేచిన కీచురాళ్ళు

ఒకప్పుడు అడవిలో ఎవరు పడితే వాళ్ళు, ఎప్పుడు పడితే అప్పుడు బయటికి వచ్చేవాళ్ళు కాదు. ఎవరి వంతు వాళ్ళది. పిట్టలు రెండేళ్ళకోసారి, తొండలు మూడేళ్ళకోసారి, కందిరీగలు నాలుగేళ్ళకోసారి, ముంగిసలు ఆరేళ్ళకోసారి వచ్చేవి. కీచురాళ్ళేమో మట్టిలో పడుకుని పుష్కరానికోసారి, అంటే పన్నెండేళ్ళకి లేచేవి.

సరిగ్గా ఆ ఏడే కొండమీద నీలిపొద పూసి, గింజలు రాల్చి ఎండిపోయేది. పొద పూస్తే కీచురాళ్ళు దాని పక్కన చేరి, జోలపాటంత మెల్లగా పాడేవి. తరతరాల స్నేహం మరి.

కానీ పుష్కరం వచ్చిందంటే పిట్టలూ, తొండలూ, కందిరీగలూ, ముంగిసలూ అందరూ ఒక్కసారే దిగి కీచురాళ్ళని తినేసేవాళ్ళు. అలా ఒక పుష్కరానికి కీరవ్వ అనే తల్లి కీచురాయి ఒక్కతే మిగిలింది, అదీ నీలిపొద ఆకుల చాటున దాక్కుని.

"అక్కా, నా కడుపులోని ఈ గుడ్లు కూడా పోతే మా వంశం ఇక లేనట్టే. అందరూ మా పుష్కరానికే ఎందుకొస్తారే?" అని ఏడ్చింది.

"గులకరాళ్ళు పేర్చి చూడు చెల్లీ," అంది పొద.

కీరవ్వ పన్నెండు రాళ్ళు తెచ్చింది. రెండేసి పెట్టింది, ఏమీ మిగల్లేదు. మూడేసి, నాలుగేసి, ఆరేసి పెట్టినా అంతే. శత్రువులందరి వంతులూ ఆ పన్నెండులోనే ఇమిడి ఉన్నాయి.

ముందే లేపుదామంటే పిల్లల రెక్కలు ముదరవు. "బేసి ఏడైతే ఎవరూ రారులే," అనుకుని పదిహేను రాళ్ళు పేర్చింది. మూడేసి పెడితే చక్కగా సరిపోయాయి.

"అయ్యో, తొండలొస్తాయి," అని రెండు తీసేసింది. పదమూడు మిగిలాయి. రెండేసి పెడితే ఒకటి మిగిలింది. మూడేసి పెట్టినా ఒకటి మిగిలింది. రెండుకే లొంగనిది నాలుగుకీ ఆరుకీ ఏం లొంగుతుంది? ఒక్కొక్కటిగా విడిగా పెట్టాలి, లేదా అన్నీ ఒకే కుప్పగా పోయాలి. అంతకు మించి దాన్ని సమంగా పంచే దారి లేదు.

కీరవ్వ సంతోషించబోయి ఆగిపోయింది. "అక్కా, నీదీ పన్నెండేగా. నా పిల్లలకి నువ్వు కనపడవు."

"పిల్లలుంటే ఎక్కడో ఒకచోట పాడుకుంటారు. నువ్వు పదమూడే చెప్పు," అంది పొద.

కీరవ్వ గుడ్లు పెట్టి, ప్రతి గుడ్డుకీ ఆ మాటా, కొండమీది నీలిపొద పెద్దమ్మ సంగతీ చెప్పి కన్నుమూసింది.

పన్నెండో ఏడు నీలిపొద ఒంటరిగా పూసి రాలిపోయింది. శత్రువులంతా వచ్చి, చూసి, ఆకలితో వెళ్ళిపోయారు. మరుసటి ఏడు కీచురాళ్ళు లేచాయి. కొమ్మమీద తొండ లేదు, గాలిలో పిట్ట లేదు. పిల్లలందరూ బతికారు. కొండమీదికి వెళ్ళి చూస్తే ఎండిన పుల్లలే ఉన్నాయి. పెద్దమ్మ దూరంగా ఎక్కడో ఉందనుకుని, వినపడేలా గొంతెత్తి పిలిచాయి.

అప్పటినుంచే కొన్ని కీచురాళ్ళు పదమూడేళ్ళకోసారి లేస్తాయి. అప్పటినుంచే కీచురాళ్ళు మెల్లగా పాడటం మానేసి, అడవంతా హోరెత్తేలా పిలుస్తూనే ఉంటాయి.