ఎర్ర మొలతాడు కట్టిన కొర్రమీను

నీటికుర్రు ఊళ్ళో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే బుల్లెబ్బాయి మొహమాటపడడు, తన ఇంటికే దారి చెబుతాడు. ఆ ఇంట్లో ఉండేది ఆయన, భార్య నూకరత్నం, తమ్ముడు తాతబ్బాయి, పెళ్ళికెదిగిన కూతురు సత్యవేణి. తెలివి పంచుకోవడంలో ఆ ఇంట్లో ఎన్నడూ తగాదా రాలేదు. పంచుకోవడానికి ఏమైనా ఉంటే కదా తగాదా.

సత్యవేణికి మంచి సంబంధం ఒకటి వచ్చింది. పిల్లవాడి తండ్రి వీర్రాఘవులుకి చేపలంటే ప్రాణం. ఆయన ముందు గొప్పకి పోయి, "బజారు చేప మా గడప తొక్కదు బావగారూ. నా చేత్తో కాలవలో పట్టిందే మా పొయ్యి ఎక్కుతుంది" అనేశాడు బుల్లెబ్బాయి. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన గాలం ముట్టుకున్న పాపాన పోలేదు. వీర్రాఘవులు మురిసిపోయి, అయితే ఆదివారం వస్తాననీ, ఆ పులుసు తిన్నాకే మాట ఇస్తాననీ చెప్పి వెళ్ళాడు. ఇంకేముంది, పిల్ల పెళ్ళి పోయి చేప నోట్లో పడింది.

పాత గాలం గడ ఏదని వెతికితే పెరట్లో దండెమై బట్టలు మోస్తోంది. బట్టలు ఆరకుండా గడ తీయడం కుదరదంది నూకరత్నం. అవి ఆరేదాకా ఆగడం కంటే కొత్తది కొనడమే తెలివని అన్నదమ్ములు టౌనుకి వెళ్ళారు.

గాలాల కొట్టు చూసేసరికి బుల్లెబ్బాయికి కళ్ళు తిరిగాయి. ఆయన రోజుల్లో ఓ వెదురు గడ, ఓ దారం, నీళ్ళ మీద తేలడానికో బెండు ముక్క, అంతే. ఇప్పుడేమో దారం చుట్టుకునే చక్రాల గడలు, రంగురంగుల దారాలు, ప్లాస్టిక్ చేపపిల్లలు. కొట్టువాడు చక్రం ఉన్న గడ చేతికిస్తే, రెండో చక్రం ఏదని నిలదీశాడు. ఒంటి చక్రంతో ఏ బండీ నడవదనీ, తననంత తేలిగ్గా మోసం చెయ్యలేరనీ గట్టిగా చెప్పాడు. ఈలోగా తాతబ్బాయి ప్లాస్టిక్ చేపపిల్లని అరచేతిలో పెట్టుకుని, ఎన్నాళ్ళు పెంచితే కూరకొస్తుందని అడిగాడు.

కొట్టువాడికి నీరసం వచ్చింది. "బాబూ, మీకు వెదురు గడే మేలు. ఇద్దరు మనుషుల పొడవు తీసుకోండి. చేప నోరు చూసి గాలం కొనుక్కోండి. చేపకి ఏదిష్టమో అదే ఎర పెట్టండి. మీ నీడ నీళ్ళ మీద పడకూడదు, చప్పుడు చెయ్యకూడదు. ఇంక నన్నొదిలెయ్యండి" అన్నాడు. చివరి ముక్క తప్ప మిగతావన్నీ అక్షరాలా పాటించారు మనవాళ్ళు.

ఇద్దరు మనుషుల పొడవంటే ఏ ఇద్దరిదో అనుకోడానికి వాళ్ళేం తెలివితక్కువవాళ్ళు కాదు. అన్నదమ్ములిద్దరూ నడిరోడ్డు మీద వెల్లకిలా పడుకున్నారు, అన్న కాళ్ళకి తమ్ముడి తల ఆనించి. అటూ ఇటూ ఆటోలు ఆగిపోయాయి. కొలత అయ్యేదాకా బుల్లెబ్బాయి చెయ్యెత్తి అందర్నీ ఓపిక పట్టమన్నాడు. గడ దొరికింది. ఇక చేప నోరు చూడాలి. కాలవలో చేపల్ని నోరు తెరవమంటే తెరుస్తాయా? బజారుకెళ్ళి బకెట్లో ఈదుతున్న కొర్రమీను ఒకటి కొన్నారు. గాలాల కొట్టుకి తెచ్చి దాని నోరు తెరిచి గాలాలన్నీ ఒక్కొక్కటే ఆనించి చూసి, సరిగ్గా సరిపోయినదే తీసుకున్నారు. అంత పొడుగు గడని కండక్టరు బస్సెక్కించనంటే మధ్యకి కోసి చెరో ముక్కా పట్టుకున్నారు. ఎవరి పొడవు వాళ్ళే మోసుకుంటే తప్పేముందన్నాడు తాతబ్బాయి.

బజారు చేప గడప తొక్కకూడదు కదా, బకెట్ వాకిట్లోనే పెట్టారు. కొర్రమీనుకి ఏదిష్టమో తెలుసుకోవాలని నూకరత్నం అరిటాకు వేసి ఆవకాయన్నం, సున్నుండ, నాలుగు వానపాములు వడ్డించి బకెట్ ముందు పెట్టింది. కొర్రమీను ఆకు వంక చూడను కూడా లేదు. నీళ్ళలో నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"దీనికి నీళ్ళే ఇష్టమండీ" అని తేల్చేసింది నూకరత్నం.

అంతే, ఎర సంగతి తేలిపోయింది. గాలాన్ని నీళ్ళలో ముంచితే చాలు, ఎర ఎక్కినట్టే. ఇక ఆ కొర్రమీనుతో పనేముంది? దాన్ని వండుకోవచ్చు కదా అని సత్యవేణి గొణిగితే, అబద్ధపు చేప తినిపించి పెళ్ళి చేస్తామా అని తండ్రి కసిరాడు. సత్యవేణి తల కొట్టుకుంది. వదిలేస్తే రేపు పొరపాటున గాలానికి తగులుతుందేమోనని గుర్తుగా దాని తోకకి ఎర్ర మొలతాడు ముక్క కట్టి కాలవలో వదిలారు.

ఆదివారం పొద్దున్నే సత్యవేణి చింతపండు పిసికి పులుసు పొయ్యి మీద పెట్టింది. మిగతా ముగ్గురూ కాలవకి నడిచారు. గడ ఇప్పుడు రెండు ముక్కలు కదా, ఇద్దరు మనుషుల పొడవు రావాలంటే ఇద్దరు మనుషులూ ఉండాలి. బుల్లెబ్బాయి తన ముక్కతో గట్టున నిలబడితే, తాతబ్బాయి తన ముక్కకి గాలం కట్టుకుని పీకల్లోతు నీళ్ళలో దిగాడు. వాళ్ళ నీడ పడకుండా నూకరత్నం పెద్ద గొడుగు పట్టింది. గొడుగు నీడ సగం కాలవని కప్పేసింది. అది గొడుగు నీడే గానీ మనుషుల నీడ కాదు కాబట్టి ఫరవాలేదు. ముగ్గురూ నోళ్ళు బిగించుకున్నారు.

ఆ మూర్ఖుల అదృష్టం చూడండి. కాసేపటికి బెండు బుడుంగున మునిగింది. తాతబ్బాయి చూశాడు, చప్పుడు చెయ్యకూడదని ఊరుకున్నాడు. నూకరత్నం చూసింది, కళ్ళతోనే మొగుణ్ణి చంపేసింది. చివరికి గడే చేతిలోంచి జారబోతే తాతబ్బాయి పైకెత్తాడు. మూరెడు పొడవు కొర్రమీను, తలకిందులుగా వేలాడుతూ గిలగిలా కొట్టుకుంటోంది.

సరిగ్గా అప్పుడే వీర్రాఘవులు బస్సు దిగి గట్టు మీదుగా వచ్చాడు. చేపని చూసి ఆయన నోట్లో నీళ్ళూరాయి. పులుసులోకా, వేపుడులోకా అని అడిగాడు. బుల్లెబ్బాయి చేపని దగ్గరికి తీసుకుని చూసి నీరుగారిపోయాడు. గాలం నోటికి కాదు, తోకనున్న ఎర్ర మొలతాడుకి తగులుకుంది. గాలం విడిపించి, దాన్ని మళ్ళీ కాలవలో వదిలేశాడు.

వీర్రాఘవులు గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. గుసగుసగా సంగతంతా చెప్పారు. అదంతా విన్నాక సంబంధం వద్దని ఆయన వెనక్కి వెళ్ళిపోతాడనుకుంటున్నారా? అంత అదృష్టం సత్యవేణికి లేదు. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"బావగారూ, దానికి మొలతాడు ఉంటేనే కదా బజారు చేప. అది విప్పేస్తే కాలవ చేపే అవుతుంది" అన్నాడు.

బుల్లెబ్బాయికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఇంత తెలివైన ఇంటికి పిల్లని ఇస్తున్నందుకు ఆ వెర్రి తండ్రికి నిజంగానే గుండె నిండిపోయింది. వీర్రాఘవులు పంచె ఎగ్గట్టాడు, నూకరత్నం గొడుగు పారేసింది. ఇంకేముంది, నలుగురూ కాలవలో పడి దేవులాడడం మొదలెట్టారు. మధ్యాహ్నానికి తాతబ్బాయి తల పైకెత్తాడు. చేతిలో ఎర్ర మొలతాడు ఉంది, చేప లేదు. నలుగురూ కావలించుకున్నారు. ఇక అది మన చేపే, గాలం వెయ్యండన్నాడు వీర్రాఘవులు.

నూకరత్నానికి మాత్రం ఒక్క అనుమానం వచ్చింది. ఇన్ని చేపల్లో మనది ఏదో ఎలా తెలుస్తుందని అడిగింది.

పులుసు ఇగిరిపోతోందని చెప్పడానికి సత్యవేణి గట్టు మీదికి వచ్చింది. చప్పుడు చెయ్యొద్దని తండ్రి నోటి మీద వేలేసి చూపించాడు. కాబోయే మామగారు మొలతాడు పళ్ళ మధ్య బిగించుకుని, గుర్తుగా దాన్ని మళ్ళీ తోకకి కట్టడానికి ఆ కొర్రమీను కోసమే నీళ్ళలో మునుగుతున్నాడు.