గజకేతుడు అమ్మిన ఉప్పు

ఒకానొక కొండ రాజ్యాన్ని గజకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ సంగతైనా ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు, దాని ఆనుపానులన్నీ తెలిసిపోయాయనుకునే జబ్బు ఒకటి ఉండేది.

ఆయన ఒకసారి సముద్రతీరపు రాజ్యానికి పెళ్లి విందుకు వెళ్లాడు. అక్కడి అంగట్లో ఉప్పు కాసుకు కుంచెడు పోస్తున్నారు. తన నగరంలోనో, అదే కాసుకు తవ్వెడు. అంటే కుంచంలో ఎనిమిదో వంతు. రాజుగారికి ఒళ్లు మండింది. విందులో వడ్డించిన పదహారు కూరల్లో ఒక్కటీ సహించలేదు.

తిరిగి రాగానే అంగడివీధిలో ఉప్పు అమ్మే గురువమ్మను సభకు పిలిపించాడు.

"అదే ఉప్పు, అదే తెలుపు. అక్కడ కుంచం, ఇక్కడ తవ్వ. నా ప్రజలను దోచుకుంటున్నావు. వచ్చే అమావాస్య నుంచి అక్కడి ధరకే అమ్మాలి. లేదంటే ఊరు విడిచి పో" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ వీధే గురువమ్మకు ఇల్లూ వాకిలీ. "ప్రభూ, ఆ ధరకు అమ్మితే నా ఎద్దుకు గడ్డి కూడా రాదు" అంది. రాజు వినలేదు.

అప్పుడు ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ కొండుభట్టు లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభువులు కళ్లారా చూసి చెబుతుంటే ఈవిడ వాదనేమిటి? మనమే వెళ్లి ఉప్పు కొనితెచ్చి, అక్కడి ధరకే ఇక్కడ అమ్మి చూపిద్దాం. దాంతో ఈవిడ నోరు మూతపడుతుంది. కాకపోతే తమరు కిరీటంతో వెళితే, రాజుగారని ఊరికే ఇచ్చారంటుంది. వర్తకుల వేషంలో వెళ్దాం."

మారువేషమంటే రాజుగారు చెవి కోసుకుంటారు. మర్నాడే తలపాగాలు చుట్టుకుని, ఒక ఎద్దును తోలుకుని ఇద్దరూ బయల్దేరారు.

తీరంలో ఉప్పు కొనడం చిటికెలో పని. రెండు గోనెలు ఎద్దు మీద వేసి రాజు మీసం మెలేశాడు.

"చూశావా, ఇంతే" అన్నాడు.

"ఇంతే ప్రభూ" అన్నాడు కొండుభట్టు.

మొదటి రోజు ఆ రాజ్యపు పొలిమేరలో సుంకరి ఆపి సుంకం కింద రెండు కుంచాలు కొలుచుకున్నాడు. "ఇదేం దోపిడీ" అని రాజు దారిపొడవునా సణిగాడు. రెండో రోజు వాగు దాటుతుంటే ఎద్దు కూలబడింది. దాన్ని లేపేసరికి ఒక గోనెలో పావు వంతు నీళ్ల పాలైంది. మూడో రోజు కనుమ ఎక్కుతూ ఎద్దు మొరాయించింది. ఒక గోనె దించితే గానీ అడుగు వేయనంది.

"నాకు నడుం పట్టేసింది ప్రభూ" అన్నాడు కొండుభట్టు ఎంతో బాధగా.

ఇక చేసేదేముంది? గోనె రాజుగారి భుజానికెక్కింది. కిరీటం తప్ప మరో బరువు ఎరగని మనిషి, పాపం, పది అడుగులకోసారి ఆగాడు. ఉప్పు చెమటలో కలిసి మెడంతా మంట పుట్టించింది.

కనుమ పైన తన రాజ్యపు సుంకం చావడి కనిపించగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అక్కడి సుంకరి తాపీగా మూడు కుంచాలు తీసుకున్నాడు.

"ఎవడి ఆజ్ఞతో తీసుకుంటున్నావు?" అని రాజు గద్దించాడు.

"గజకేతు మహారాజుల వారి ఆజ్ఞ. పోయినేడు పుట్టినరోజు వేడుకల కోసం పెట్టించారు. కష్టంగా ఉంటే వెళ్లి ఆయనకే చెప్పుకో."

కొండుభట్టు కొండలవైపు చూస్తూ నిలబడ్డాడు. రాజు గోనె మూతి కట్టుకుని ముందుకు కదిలాడు. నాలుగో రోజు నగరద్వారం దగ్గర మరో సుంకరి మరో మూడు కుంచాలు కొలుచుకుంటుంటే గోనె మూతి తానే విప్పి పట్టాడు.

గురువమ్మ అంగడికి ఎదురుగానే గోనెపట్టా పరిచి కూర్చున్నారు. బుట్ట చంకన పెట్టుకుని ఒక ముసలామె వచ్చింది.

"ఉప్పు ఎట్లా ఇస్తున్నావు నాయనా?"

రాజు భుజం తడుముకున్నాడు. "కాసుకు సోల" అన్నాడు.

"సోలేమిటి? ఎదురుగా గురువమ్మ తవ్వ పోస్తుంటే, నువ్వు అందులో సగమా?"

"ఆవిడ ఎలా పోస్తోందో నాకేం తెలుసు? ఇది ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు తల్లీ? సముద్రం నుంచి నాలుగు రోజుల నడక. వాగు కొంత తీసుకుంది, సుంకరులు కొంత తీసుకున్నారు. ఎద్దు తినాలి, నేను తినాలి. నా భుజం చూడు ఎలా కమిలిందో. అక్కడంటే ఉప్పు వాకిట్లో పండుతుంది. ఇక్కడ..."

మాట అక్కడే ఆగిపోయింది. ఎదురంగట్లో గురువమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింటోంది. గొంతు ఆమె గుర్తుపట్టేసింది.

కొండుభట్టు వంగి మెల్లగా అడిగాడు. "ప్రభూ, ఇంతకీ అమావాస్యకు ఊరు విడవాల్సింది ఎవరు? తవ్వ పోసేవారా, సోల పోసేవారా?"

రాజు ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. తర్వాత నవ్వొచ్చింది. తలపాగా తీసి పక్కన పెట్టి, మిగిలిన ఉప్పంతా ఎద్దుతో సహా గురువమ్మకు ఇచ్చేశాడు. ఆ పూటే తన రెండు సుంకాలూ ఎత్తేయించాడు. ఎవరూ అడక్కుండానే మర్నాటి నుంచి గురువమ్మ కాసుకు తవ్వన్నర పోసింది.

సభలో రాజు కొండుభట్టును పిలిచి, "నీకు పది గోనెల ఉప్పు బహుమానం" అన్నాడు.

"మహాప్రసాదం. చిన్న సందేహం ప్రభూ. ఆ పది గోనెలూ ఇప్పుడు ఎక్కడున్నాయి? సముద్రం ఒడ్డునా, మన కోటలోనా?"

ఇంకా నొప్పి తగ్గని భుజం నిమురుకుంటూ రాజు సభంతా మోగేలా నవ్వాడు.

"కోటలోనే ఇస్తాలే. మోసుకు రమ్మంటే నీ నడుం మళ్లీ పట్టేస్తుంది" అన్నాడు.