ఆడబిడ్డ మింగిన మిడత

అనగనగా రాజుల ఊసే లేని ఒక గుట్ట. ఆ గుట్ట నిండా సీతాఫలం చెట్లు. అందులో ఒక చెట్టు మీద చిటపటమ్మ అనే బూడిదరంగు పిట్ట గూడు కట్టుకుంది. గూట్లో మూడు పిల్లలు. వాటికి ఇంకా కళ్లు కూడా తెరుచుకోలేదు.

ఈ జాతి పిట్టలకు ఒక ఆచారం ఉంది. ఒకరికి పిల్లలు పుడితే ఇంటిల్లిపాదీ మేత మోస్తారు. చిటపటమ్మకు మొగుడు గోధుమయ్యే కాక, ఆడబిడ్డ గరికమ్మా, నిరుడు పుట్టిన ఇద్దరు కూతుళ్లూ సాయం ఉన్నారు.

ఒకనాడు గరికమ్మ మిడతను తెచ్చి గూటి అంచున వాలింది. పిల్లలు నోరు తెరవలేదు. కాసేపు చూసి, ఆ మిడతను తానే మింగేసింది. అది కాస్తా చిటపటమ్మ కంట పడింది.

"అమ్మో అమ్మో! నా పిల్లల నోటికాడి కూడు లాక్కుంటావా? ఇన్నాళ్లూ సాయం పేరు చెప్పి చేస్తున్నది ఈ పనా?"

"కాదు వదినా, వాళ్ల కడుపు నిండి..."

"ఇంకేం చెప్పకు! నా పిల్లల్ని నేను సాక్కోగలను. మీరంతా వెళ్లండి!"

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అసలు మొగుడే నోరు విప్పలేకపోతే ఆ సగం మొగుడు మాత్రం ఏం చేస్తుంది పాపం! గరికమ్మ మేనకోడళ్లను వెంటబెట్టుకుని పక్కచెట్టుకు వెళ్లిపోయింది.

మొదటి రోజు ఆలుమగలు ఎంత తిరిగినా పిల్లల ఆకలి తీరలేదు. రెండో రోజు వాన. చిటపటమ్మ రెక్కలు పరిచి పిల్లల మీదే కూర్చుంది. గోధుమయ్య ఒక్కడే తడుస్తూ తెచ్చిన పురుగులు ఏ మూలకూ చాలలేదు. చిన్నదాని గొంతు సన్నబడిపోయింది. తల్లికి భయం పట్టుకుంది, అయినా ఆడబిడ్డను పిలవడానికి నోరు రాలేదు.

మూడో రోజు ఇద్దరూ మేతకు పోక తప్పలేదు. సరిగ్గా అప్పుడే ఒక జెర్రిపోతు చెట్టెక్కింది.

గుట్ట దద్దరిల్లేలా అరుపులు! చిటపటమ్మా గోధుమయ్యా ఎగిరొచ్చి చూస్తే, గరికమ్మ పాము మొహం ముందే రెక్కలు కొడుతోంది. కూతుళ్లిద్దరూ దాని తోక పొడుస్తున్నారు. ఆలుమగలు కూడా కలబడ్డారు. ఐదు ముక్కుల పోట్లకు తాళలేక పాము జరజరా దిగి రాళ్లలోకి పోయింది.

చిటపటమ్మ గూట్లోకి తొంగిచూసింది. ఒకటి, రెండు, మూడు. మూడూ ఉన్నాయి!

"నా కడుపు నిలబెట్టావు తల్లీ! నిన్నెన్ని మాటలన్నాను!" అని ఆడబిడ్డ మీద పడి భోరున ఏడ్చేసింది.

"గూడు నీదైనా పిల్లలు మనవాళ్లే కదా వదినా. పక్కచెట్టు మీంచి చూస్తూనే ఉన్నాను" అంది గరికమ్మ.

ఆ సాయంత్రం ఐదుగురూ మేత మోశారు. ఆఖరున చిటపటమ్మ లావుపాటి మిడతను తెచ్చింది. ఒక్క పిల్లా నోరు తెరవలేదు. పొట్టలు నిండి హాయిగా నిద్రపోతున్నాయి. ఏం చేస్తుంది? అటూ ఇటూ చూసి గుటుక్కున మింగేసింది.

"చూశాను వదినా!" అని పక్క కొమ్మ మీంచి గరికమ్మ పకపకా నవ్వింది. చిటపటమ్మ సిగ్గుపడింది, ఆ తర్వాత తానూ మనసారా నవ్వింది. పదిరోజులకు మూడు పిల్లలూ ఎగిరాయి.

కాబట్టి పిల్లలూ, సాయానికి వచ్చినవారి మీద నింద వేసే ముందు వారి మాట వినాలి. నలుగురూ కాసిన గూడే చల్లగా ఉంటుంది.