పాత పేరుకీ పలికే గంట

మండపేటలో భద్రం, గంగులు, పోశిబాబు అనే ముగ్గురు అన్నదమ్ములున్నారు. ఊళ్ళో తెలివంతా ముగ్గురం పంచేసుకోగా మిగిలిందే మిగతావాళ్ళకి దక్కిందని వాళ్ళ నమ్మకం. అందులో పెద్దవాటా భద్రానిది. ఆ సంగతి భద్రమే చెప్పాడు.

వాళ్ళ పెదనాన్న కూతురు రత్నమక్క రాజమండ్రిలో ఉంటుంది. లినక్స్ కంప్యూటర్ల మీద నడిచే 'బడిగంట' అనే ప్రోగ్రాం రాసి, ఎవరైనా ఊరికే తీసుకోండి, బాగుచేసి నలుగురికీ పంచండి అని వదిలేసింది. పీరియడ్ పీరియడ్‌కీ అదే గంట కొడుతుంది. నలభై బళ్ళు దాన్ని పెట్టుకున్నాయి. దాని బాగోగులు చూసే పని అక్క తమ్ముళ్ళకి అప్పగించింది. చుట్టరికం అలాంటిది మరి.

పొద్దున్నే కంప్యూటర్ వెయ్యగానే అది 'స్టార్ట్' అనే ఫైలుని వెతికి పిలుస్తుంది. ఆ ఫైలు గంటని లేపుతుంది. ఈమధ్య ఒక బడిలో హాజరు ప్రోగ్రాం ఒకటి పెడితే, దాని ఫైలు పేరూ 'స్టార్టే' అయి కూర్చుంది. హాజరు లేచింది, గంట లేవలేదు. పిల్లలు మొదటి పీరియడ్‌లోనే సాయంత్రందాకా లెక్కలు చేశారు.

"ఒరేయ్ భద్రం, మన ఫైలుకి 'బడిగంట-స్టార్ట్' అని పేరు మార్చండి. పేరు తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు. ఇప్పటికే పెట్టుకున్న బళ్ళలో మాత్రం గంట ఆగకూడదు," అంది అక్క ఫోన్లో.

అంతే. భద్రం పేరు మార్చి చేతులు కడుక్కున్నాడు. మర్నాడు పక్కవీధి బడిలో కంప్యూటర్ పాత పేరు పట్టుకుని వెతికి వెతికి ఊరుకుంది. గంట లేదు.

"పాత పేరుతో పిలిచినా పలకాలి కదరా. పాత పేరుతో ఓ చిన్న ఫైలు పెట్టు. అది కొత్తదాన్ని పిలిస్తే చాలు. ముందు ఒక్క బడిలో వేసి చూడు. చూశాకే మిగతావాటికి పంపు," అంది అక్క.

భద్రం ఆ చిన్న ఫైలు రాశాడు. గంగులు చదివి మొహం అదోలా పెట్టాడు.

"అన్నయ్యా, వయసులో పెద్దది పనిగట్టుకుని పిలుస్తుంటే, చిన్నది తిరిగి పిలవకుండా ఊరుకుంటుందా? అదేం మర్యాద?"

"మన ఇంట్లో అలాంటి పెంపకం లేదు," అన్నాడు పోశిబాబు.

భద్రానికి సిగ్గేసింది. వెంటనే కొత్త ఫైలు చివర, పాతదాన్ని తిరిగి పిలవమని ఒక వరస కలిపి, పక్కవీధి బడిలో వేశాడు. ఇంకేముంది! పాతది కొత్తదాన్ని పిలిచింది, గంట మోగింది. కొత్తది పాతదాన్ని పిలిచింది, పాతది మళ్ళీ కొత్తదాన్ని పిలిచింది, గంట మళ్ళీ మోగింది. రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉన్నాయి. గంట ఆగకపోయేసరికి ఇంటిగంటే అనుకుని పిల్లలు సంచులు భుజాన వేసుకుని బయటపడ్డారు.

అన్నదమ్ములు గేటు దగ్గర నిలబడి ఇదంతా చూశారు.

"చూశాం కదా?" అన్నాడు పోశిబాబు.

"బాగా చూశాం," అన్నాడు భద్రం. చూశాకే పంపమంది అక్క. నలభై బళ్ళకీ పంపేశాడు.

ఆ పూట నలభై బళ్ళూ ఖాళీ. పక్కవీధి బడి హెడ్మిస్ట్రెస్ మేరీ సుశీల గారు భద్రాన్ని పిలిపించారు. వరండాలో వేలాడే ఇనప పట్టా ముక్క చూపించారు. అటెండర్ సింహాచలం ఒకప్పుడు సుత్తితో దాన్నే కొట్టేవాడు.

"సోమవారం నుంచి అర్ధ సంవత్సర పరీక్షలండి. ఆ రోజు ఏ తేడా వచ్చినా మీ కంప్యూటర్ గంట తీయించేస్తాను."

భద్రానికి ఆ రాత్రి అన్నం సయించలేదు. అక్క రాసిన గంట తన చేతిలో పోతే ఇక ఆవిడకి మొహం ఎలా చూపించాలన్నదే వాడి బాధ. చివరికి ధైర్యం చేసి ఫోన్ చేశాడు. అక్క తిట్టాల్సినవన్నీ తిట్టి, ఆ మర్యాద వరస తీయించింది. గంట కుదుటపడింది.

"ఇంకొక్కటిరా. పాత పేరు వాడుతున్నవాళ్ళకి, ఇది పాత పేరు, కొత్తది వాడండి అని ఆ చిన్న ఫైలు ముందు చెప్పి, ఆ తర్వాత పని చెయ్యాలి. ఏడాది పోయాక పాతది తీసేద్దాం. అందరికీ తెలిసేలా చెప్పండి."

తెర మీద రాస్తే అందరికీ ఎలా తెలుస్తుంది? భద్రం గొంతు సవరించుకుని, ఆ మాట మైకులో చెప్పి రికార్డు చేసి, దాన్ని గంట మోగే స్పీకర్‌కే తగిలించాడు.

సోమవారం ఆరో తరగతి పిల్లలు జవాబు కాగితాల మీద పేర్లు రాసుకుని కూర్చున్నారు. స్పీకర్ గరగరమంది. "మీరు వాడుతున్నది పాత పేరు. ఏడాది తర్వాత చెల్లదు. ఇకమీదట బడిగంట-స్టార్ట్ అని వాడండి." ఆ వెంటనే గంట సరిగ్గా టైముకి మోగింది.

పిల్లలు చెప్పిన మాట వినేవాళ్ళు. సాయంత్రం మేరీ సుశీల గారు కాగితాల కట్ట భద్రం ముందు పెట్టారు. ముప్ఫై ఆరు కాగితాలు, అన్నిటి మీదా ఒకటే పేరు: బడిగంట-స్టార్ట్.

భద్రం ఒక్కొక్కటే తిరగేశాడు. వాడి కళ్ళు చెమర్చాయి. "ఒక్క పాత పేరు కూడా మిగల్లేదండి," అన్నాడు.

అంతే. మర్నాటికి కంప్యూటర్ తీగ ఊడింది, సింహాచలం చేతికి సుత్తి వచ్చింది. అన్నదమ్ములు గేటు దగ్గర దిగాలుగా నిలబడ్డారు. వాళ్ళలో భద్రమే ముందు తేరుకున్నాడు.

"ఇప్పుడు గంటని లేపేది ఎవరురా?"

"సింహాచలం," అన్నాడు గంగులు.

"అయితే పేరు మార్చాల్సింది ఎవరికి?"

ముగ్గురూ వెళ్ళి సింహాచలాన్ని టీకొట్టుకి తీసుకెళ్ళి, రెండు పుణుకులు తినిపించి, చెప్పాల్సిందంతా చెప్పారు. కంప్యూటర్ వాళ్ళు కాబట్టి తెలిసే చెప్తారనుకున్నాడతను.

మధ్యాహ్నం మేరీ సుశీల గారు గదిలోంచి కేకేశారు. "సింహాచలం, గంట కొట్టవయ్యా."

సింహాచలం వరండాలో నిటారుగా నిలబడ్డాడు. "అది పాత పేరండి. ఏడాది దాకా పలుకుతానండి. ఇకమీదట బడిగంట-స్టార్ట్ అని పిలవండి," అని బడంతా వినబడేలా చెప్పి, సుత్తెత్తి కొట్టాడు.

గేటు అవతల భద్రం అప్పటికే అక్కకి ఫోన్ కలిపాడు. "అయిపోయిందక్కా. పాత పేరుకీ పలికింది, గంటా ఆగలేదు. మిగతా ముప్ఫై తొమ్మిది బళ్ళ అటెండర్లకీ చెప్పడానికి రేపు బయల్దేరుతున్నాం."